ముందు బెంచీ

“ఎంతకిస్తారు?” చొక్కా ఎత్తి పట్టుకుని, పరాయి భాషలో అడిగారు మాస్టారు.

ముందు బెంచీ మీద ఎవరూ ఉలకలేదు, పలకలేదు. వ్యాను డ్రైవరు ఆవులించాడు. ఆ ఆవులింత పక్కవాళ్లకి అంటుకుని బెంచీ చివరిదాకా పాకింది.

“మిమ్మల్నే బాబూ! నేను కొనేవాణ్ని, మీరు అమ్మేవాళ్లు. ధర చెప్పాలి.”

“మన దగ్గర అమ్మడాలెక్కడివి మాస్టారూ, ఉతకడమే కదా!” అన్నాడు డ్రైవరు.

అందరూ నవ్వారు. ఆ నవ్వు వరకే ప్రాణం. మళ్లీ పాఠంలోకి వచ్చేసరికి మొహాలు ఆరేసిన దుప్పట్లయ్యాయి.

అది ఊరందరి మురికీ ఉతికే పెద్ద లాండ్రీ. ఖాతాదారుల్లో సగంమందిది పరాయి భాష. పనివాళ్లు ఆ భాష నేర్చుకుంటే బేరాలు పెరుగుతాయని యాజమాన్యం సాయంత్రం పూట భోజనాల గదిలో క్లాసు పెట్టించింది. చెప్పడానికి మాస్టారు దొరికారు. ఆయనకొకప్పుడు బట్టల కొట్టుండేది. పరాయి బేరగాళ్లతో వాదించి వాదించి వాళ్ల భాష పట్టుకున్నారు. కొట్టు మునిగింది, భాష తేలింది. ఇప్పుడాయన దగ్గర అమ్మడానికి మిగిలిన సరుకు అదొక్కటే.

యాజమాన్యం ఒకే షరతు పెట్టింది. ముందు బెంచీ నిండుగా ఉండాలి. ఖాళీ కనపడితే క్లాసు ఎత్తేస్తారు.

బెంచీ రోజూ నిండుతూనే ఉంది. చిక్కంతా నిన్నటి మొహం ఇవాళ కనపడకపోవడంలోనే ఉంది. నిన్న బేరం నేర్చుకున్నవాడు ఇవాళ రాడు. ఇవాళ వచ్చినవాడికి అక్షరం ముక్క తెలియదు. మాస్టారు ఎన్నాళ్లు చెప్పినా మొదటి పాఠం దాటడంలేదు. రోజూ కొట్టు నిండా జనం, తానులన్నీ విప్పి చూపించడం, ఒక్కరూ కొనకపోవడం. ఆ బాధ ఆయనకు కొత్తది కాదు.

గది కిటికీ అద్దంలోంచి ఆవిరి ఇస్త్రీ మిషను కనిపిస్తుంది. దాని ముందు నిలబడితే మొహం ఉడికిపోతుంది. ఎవరికీ ఇష్టం ఉండదు, ఎవరో ఒకరు నిలబడక తప్పదు. అందుకని పనివాళ్లు తమలో తాము వంతులు వేసుకున్నారు. వంతు వచ్చినవాళ్ల మణికట్టుకి ఎర్రగుడ్డ కడతారు. దిగగానే అది విప్పి తర్వాతివాళ్లకి కడతారు. పై అధికారి చెప్పకుండా ఇంత పద్ధతిగా నడిచే పని మాస్టారు ఎక్కడా చూడలేదు. ఈ శ్రద్ధలో పిసరంత నా పాఠం మీద పెడితే చాలు కదా అనుకునేవారు.

ఇంటికి వెళ్లగానే భార్య అడిగింది. “ఏమండీ, ఇవాళైనా ఎవరైనా నోరు విప్పారా?”

“విప్పారు. ఆవులించడానికి.”

“పోనీ, మానేయకూడదూ?”

“మానేసి? కొట్టు మూసిన ఏడాది నేనెలా ఉన్నానో నువ్వు చూశావుగా.”

ఆవిడ చూసింది. ఆ ఏడాది ఇంట్లో ఉన్న నిద్రమాత్రలన్నీ బీరువాలో పెట్టి తాళం వేసింది. ఆ తాళంచెవి ఇప్పటికీ ఆవిడ దిండు కిందే ఉంటుంది.

మర్నాడు మాస్టారు చొక్కా పక్కన పెట్టేసి, బొత్తాలు తెచ్చారు. సరైన జవాబుకి ఒక బొత్తం బహుమతి. ఎవరికీ అక్కర్లేకపోయింది. ఆయన కుర్చీలో కూలబడ్డారు.

“అమ్మా, రేపు మేనేజరమ్మ వచ్చి చూస్తారట. మీరిలా గుడ్లప్పగించి కూర్చుంటే నా కథ కంచికే,” అన్నారు బెంచీ చివర కూర్చున్న ఇస్త్రీ అక్కతో. పనివాళ్లందరికీ ఆవిడ మాటంటే గురి.

“క్లాసు పోతే మీరేం చేస్తారు మాస్టారూ?”

“ఏం చేస్తాను, ఇంట్లో కూర్చుని గోడలు చూస్తాను. అదివరకూ చూశాను. గోడలు మంచివి కావమ్మా.”

ఆయన నవ్వబోయారు గానీ నవ్వు రాలేదు. ఇస్త్రీ అక్క తల వంచుకుని మణికట్టుకున్న నీలంగుడ్డ సర్దుకుంది. బెంచీ మీద అందరి చేతులకీ అలాంటి గుడ్డలే ఉన్నాయని ఆయన అప్పుడే గమనించారు.

“ఇవేమిటమ్మా?”

“మీ క్లాసు యూనిఫాం అనుకోండి,” అందావిడ.

ఆ మాట పట్టుకునే మాస్టారు ఆ రాత్రి కాస్త నిద్రపోయారు.

మర్నాడు బెంచీ నిండింది, అదీ ఇదివరకు వచ్చిన మొహాలతోనే. మొహాలు మేలుకున్నాయి. మాస్టారు చొక్కా ఎత్తడం ఆలస్యం, డ్రైవరు పరాయి భాషలోనే ధర చెప్పాడు. మాస్టారు సగానికి అడిగారు. “మా పిల్లలేం తినాలండీ!” అని ఇస్త్రీ అక్క వచ్చీరాని ఆ భాషలోనే గుండెలు బాదుకుంది. గది గొల్లుమంది. గుమ్మంలో నిలబడ్డ మేనేజరమ్మ కూడా నవ్వు ఆపుకోలేకపోయింది.

“ఇంత హుషారుగా సాగుతుందని తెలియదు మాస్టారూ. ఇంకో ఏడాది నడపండి,” అని వెళ్లిపోయింది.

మాస్టారు చొక్కా మడతపెట్టుకుని బయల్దేరారు. తన సరుకు చెడ్డది కాదు, అమ్మడమే ఆలస్యమైంది. ఆ మాట ఇంటికెళ్లి చెప్పాలి. బీరువా తాళం తీసెయ్యమనాలి. గేటు దాకా వెళ్లాక బొత్తాల డబ్బా గుర్తొచ్చి వెనక్కి తిరిగారు.

లోపల ఇంకా నవ్వులు వినిపిస్తున్నాయి. బేరం ఆట మళ్లీ ఆడుతున్నారు కాబోలనుకుని, చప్పుడు చెయ్యకుండా తలుపు సందులోంచి చూశారు.

డ్రైవరు మణికట్టు మీది నీలంగుడ్డ విప్పి ఇచ్చాడు. ఇస్త్రీ అక్క దాన్ని ఇంకొకడి చేతికి కట్టి, ముడి బిగించింది.

“రేపు మాస్టారి దగ్గర వంతు నీది.”