బల్ల కాళ్ళు

"ఆదివారం మధ్యాహ్నం మా అక్కా బావగారూ భోజనానికి వస్తున్నారు. ఆలోపు నా భోజనాల బల్ల నాకు ఖాళీ చేసి ఇవ్వకపోతే మీ ఊరంతా చీపురు పెట్టి ఊడ్చేస్తాను," అంది భార్య.

గడియారాలు బాగుచేసే భర్త ఉలిక్కిపడ్డాడు. ఊరంటే నిజంగా ఊరే. వేలెడంత మనుషులు, అగ్గిపెట్టెలంత ఇళ్ళు, బస్టాండు, బడి, చెరువు గట్టున గాలం పట్టుకున్న ముసలాయన, గాలికి గొడుగు తిరగబడిన పంతులమ్మ. రెండేళ్ళుగా ఒక్కో సీనూ ఒక్కో చెక్కపలక మీద తయారుచేసి, భోజనాల బల్ల మీద అంగుళం జాగా లేకుండా పేర్చుకుంటూ వచ్చాడు. ఇంటిల్లిపాదీ మంచాల మీద కూర్చుని ఒళ్ళో కంచాలు పెట్టుకుని తింటున్నారు. పోయినసారి అలా తింటూనే అక్కగారు కొత్త చీర మీద కూర ఒలకబోసుకుంది. ఆ సంగతి చుట్టాలందరికీ చేరింది.

"బొమ్మలకి వేరే బల్ల చేస్తాను. శనివారానికల్లా అయిపోతుంది," అన్నాడు భర్త.

అన్నట్టుగానే పలకలు కొనుక్కొచ్చాడు. రోజూ దుకాణం పెందలాడే మూసి వచ్చి, హాలు నిండా రంపంపొట్టు పోస్తూ పనిలో పడ్డాడు. ఆయన తల్లి ఎదురుగా కుర్చీ వేసుకుని కూర్చుంది.

"కాళ్ళు మరీ పొడుగురా. ఒక మూర కొయ్యి," అంది మొదటి రోజే.

"బొమ్మలు కంటికి ఎదురుగా ఉండాలమ్మా. వంగి చూస్తే నడినెత్తులు తప్ప మొహాలు కనపడవు."

"వాళ్ళ మొహాలు చూసి నువ్వేం చేస్తావు? నా మాట విని కొయ్యి."

"మనకెందుకత్తయ్యా," అంది కోడలు వంటింట్లోంచి. "ఆయన బొమ్మలు, ఆయన బల్ల. నిచ్చెనేసుకుని చూసుకోనివ్వండి. మన బల్ల మనకొస్తే చాలు."

తల్లి ఏదో అనబోయి ఊరుకుంది. మర్నాడు మాత్రం రంపం తెచ్చి కొడుకు పక్కన పెట్టింది.

"పోనీ, జానెడు."

"దుమ్ము తుడవడం నేర్చుకున్నావు, చాలు. వడ్రంగం నాకు వదిలెయ్యి," అన్నాడు కొడుకు.

ఆ మాట మెచ్చుకోలే. ఇదివరకు ఆవిడ దుమ్ము తుడిచిందంటే బడి రోడ్డు మధ్యకి వచ్చేది, బస్టాండు చెరువులోకి దిగేది. ఈయన స్కేలు పెట్టి కొలుచుకుని ఇల్లెగిరిపోయేలా అరిచేవాడు. ఆర్నెల్లుగా ఒక్క పలకా వెంట్రుకవాసి జరగలేదు.

శనివారం సాయంత్రానికి బల్ల తయారైంది. నిగనిగలాడుతూ మనిషి గుండెల దాకా వచ్చింది. భార్య దాని చుట్టూ తిరిగి, మొదటిసారి మొగుణ్ణి మెచ్చుకుంది. ఆదివారం పొద్దున్నే నాలుగు కూరలు వండి, బల్ల మీద పరిచే కొత్త గుడ్డ ఇస్త్రీ చేసి పట్టుకుని నిలబడింది.

"ఇంక ఎత్తండి. అరగంటలో వచ్చేస్తారు."

ఆయన చేతులు తుడుచుకుని బస్టాండు పలకని రెండు చేతులా పట్టుకుని ఎత్తాడు. రాలేదు. బడిని పట్టుకున్నాడు. అదీ రాలేదు. పళ్ళు బిగించి చెరువుని లాగాడు. చెరువుతోపాటు భోజనాల బల్ల కాలొకటి నేల మీంచి లేచింది.

"ఏమైందండీ?" అంది భార్య.

"లాగకురా, విరుగుతుంది," అంది తల్లి మెల్లగా. "తుడిచినప్పుడల్లా జరిగిందని అరుస్తుంటివి. భరించలేక అన్నిటి కిందా జిగురు పూసి అంటించేశాను."

భార్య చేతిలో గుడ్డ పట్టుకుని, తన గుండెల దాకా ఉన్న కొత్త బల్లనీ, దాని పక్కన బుల్లిగా కనిపిస్తున్న కుర్చీలనీ చూసింది. అంతలో వీధి తలుపు గంట మోగింది. గుమ్మం బయట అక్కగారి గొంతు వినిపించింది.

తల్లి లేచి వెళ్ళి రంపం తెచ్చి కొడుకు చేతిలో పెట్టింది.

"అందుకే కదరా, మొదటి రోజు నుంచీ కాళ్ళు కొయ్యమని మొత్తుకుంటున్నాను."