పదహారు గంటల పొరుగు

విమానం ఎక్కేటప్పటికి తాళాల వ్యాపారి దగ్గరున్న పెట్టుబడి ఇంతే: నడిచే దారి పక్క సీటు, నిండా చార్జింగు ఉన్న సెల్లు, మూడేళ్ళుగా అరగని కసి. ఆ కసికి కారణమైన పెద్ద తోడల్లుడు కిటికీ పక్క సీట్లో బెల్టు బిగించుకుంటూ తలెత్తాడు. 

“నువ్వా?”

“నేనే అన్నయ్యా. ఇంటికి ఫోన్ చేస్తే స్నానంలో ఉంటారు, దుకాణానికొస్తే అప్పుడే బయటికెళ్ళుంటారు. వదిన్నడిగి మీ సీటు నంబరు కనుక్కుని, ఈ పక్కది కొన్నా. ఇంతకీ ఎంత దూరం మనం వెళ్ళేది?”

“పదమూడు వేల కిలోమీటర్లు,” అన్నాడు తోడల్లుడు నీరసంగా.

“పదహారు గంటలు. మధ్యలో ఎక్కడా ఆగదు. దిగిపోదామన్నా కింద సముద్రమే.”

విమానం లేచింది. వ్యాపారి మొదలుపెట్టాడు. విమానం వెళ్తున్న ఆ దూరదేశపు తాళాల కంపెనీ మూడేళ్ళ కిందట తనను అక్కడికే వచ్చి ఏజెన్సీ నడపమన్న సంగతి, ‘అతను అమ్మేది నకిలీ సరుకు’ అని ఎవరో కంపెనీవాళ్ళ చెవిలో ఊదిన సంగతి, చివరికి ఆ ఏజెన్సీ తోడల్లుడి ఒళ్ళో పడి, అతను అక్కడికీ ఇక్కడికీ తిరుగుతూ నడుపుకుంటున్న సంగతి. ఒకసారి చెప్పి ఊరుకోలేదు. భోజనానికి ముందు చెప్పాడు, ముద్దకీ ముద్దకీ మధ్య చెప్పాడు, దీపాలార్పాక గొంతు తగ్గించి మళ్ళీ మొదటి నుంచి చెప్పాడు. తోడల్లుడు దుప్పటి ముసుగేసుకుంటే ముసుగు తీసి మరీ చెప్పాడు.

ఐదో గంటకి తోడల్లుడు కదిలాడు. “కాస్త కాళ్ళు తియ్యి. బాత్రూముకెళ్ళాలి.”

“వెళ్దురుగాని. ముందు ‘ఊదింది నేనే’ అని మీ నోటితో ఒప్పుకోండి.” వ్యాపారి సెల్లులో రికార్డింగు నొక్కి అతని నోటి దగ్గర పెట్టాడు. “ఇందులోకి.”

“పెద్దవాణ్ణిరా.”

“అందుకే కదా, ఎక్కువసేపు ఓపలేరు.”

మరో అరగంట తోడల్లుడు కాలు మీద కాలు మార్చుకున్నాడు. ఆఖరికి సెల్లు మీదికి వంగి, “ఊదింది నేనే. అతని సరుకు బంగారం. చాలా?” అన్నాడు.

వ్యాపారి కాళ్ళు పక్కకు తొలగాయి.

వెనక్కి వాలి లెక్క చూసుకున్నాడు. టికెట్టు ఖర్చు గిట్టింది. పోయిన పరువు తిరిగొచ్చింది, అదీ పోగొట్టినవాడి నోటితోనే. ఇక ఇంటికెళ్ళి భార్యకు వినిపించడమే తరువాయి. అది విన్నాక ఆవిడ ఈ బావగారి మొహం మళ్ళీ చూడదు.

తోడల్లుడు తిరిగొచ్చాడు కానీ కూర్చోలేదు. పైనున్న సంచీ దించుకున్నాడు.

“ఎక్కడికి?”

“వెనక ఓ పసిపిల్లాడు ఎక్కిన దగ్గర్నుంచీ ఏడుస్తున్నాడు. వాడి పక్క సీటాయనతో మార్చుకున్నా. నీకో మాట చెప్పలేదు. నాచేత అలా ఊదించింది మీ ఆవిడే. ఏజెన్సీ వస్తే తననీ వెంటబెట్టుకెళ్తావు, పదహారు గంటలు నీ పక్కన కూర్చోవడం తనవల్ల కాదని నా కాళ్ళావేళ్ళా పడింది.”

సంచీ భుజాన తగిలించుకున్నాడు.

“అప్పట్లో, మరీ పెద్దది చేసి చెబుతోందనుకున్నా.”