పదకొండో కారు

ఇలా నా పక్కకు జరిగి, కాళ్ళు చాపుకుని కూర్చో. పెద్ద కథేం కాదు, ఒక కారు బ్రేకు కథ.

ఏటవాలుగా దిగే వీధిలో, పై చివరి ఇంట్లో ఒక కోడలు ఉండేది. అత్తగారికి మూత్రపిండాలు పాడయ్యాయి. వారానికి మూడుసార్లు డయాలసిస్. ఆసుపత్రేమో వీధి దిగి, పెద్ద రోడ్డు దాటాక ఉంది. మొగుడికి ఫ్యాక్టరీలో షిఫ్టులు. అందుకని ఆ పాత కారు తోలేది కోడలే.

వంట, ఆసుపత్రి, మళ్ళీ వంట. నిలబడితే నిలబడ్డచోటే కునుకు పట్టేది ఆమెకు.

ఒకరోజు పొద్దున కారు ముందు చక్రం కింద అట్టముక్క కనిపించింది. తీసి చెత్తబుట్టలో పడేసింది.

మర్నాడు ఇంకో అట్టముక్క.

మూడోనాడు పెట్టినవాడే దొరికాడు. బక్కపలచని ముసలాయన. అట్ట మీది మరకను వేలితో రాసి, ముక్కు దగ్గర పెట్టుకుంటున్నాడు.

"ఏం తాతా, ఊళ్ళో ఇంకెక్కడా చోటు లేదా నీకు?"

"ఇది నీళ్ళు కాదమ్మా, నీళ్ళయితే ఈపాటికి ఆరిపోయేవి. ఇంజనాయిలు వాసనా కాదు. బ్రేకాయిలు."

"పోయిన నెలే షెడ్డులో కొత్త బ్రేకు పైపు వేయించాం."

ముసలాయన తల దించుకున్నాడు. "ఎడమవైపు ముందు చక్రానికే కదా?"

"నీకెలా తెలుసు?"

"మరక ఇక్కడే ఉంది కదా తల్లీ."

కిటికీలోంచి అత్తగారు అడిగింది. "ఎవరే అమ్మాయ్?"

"ఎవరో ముక్కు తాత, అత్తయ్యా. మన కారును వాసన చూస్తున్నాడు."

"చూడనీవే. మనల్ని చూడ్డానికి ఎలాగూ ఎవరూ రావడం లేదు. కారునైనా చూసిపోనీ."

ముసలాయన నవ్వలేదు. "బండి ఆపి ఉన్నప్పుడే బ్రేకు పెడలు గట్టిగా తొక్కిపట్టి, ఇరవై లెక్కపెట్టమ్మా. కాలు అక్కడే ఆగితే సరే. మెల్లగా కిందికి దిగిందా, బండి బయటికి తియ్యొద్దు."

"లెక్కపెడుతూ కూర్చుంటే ఆసుపత్రిలో మంచం ఇంకొకరికి ఇచ్చేస్తారు. సాయంత్రం దాకా పడిగాపులు పడాలి. తప్పుకో తాతా."

"పోనీ ఇదొక్కటి గుర్తుంచుకో. దారిలో కాలు జారిపోయినట్టయితే కంగారుపడకు. టపటపా తొక్కు, గేరు తగ్గించు, చేతిబ్రేకు కొద్దికొద్దిగా లాగు. ఒక్కసారే లాగితే బండి తిరిగిపోతుంది."

ఆమె సరే సరే అంటూనే బండి తీసింది.

ఆ వారమంతా వచ్చాడు. కాలువ అంచును చెప్పుతో తడుముకుని మరీ అడుగు వేసేవాడు. మరక రోజురోజుకూ పెద్దదవుతోంది.

"ఒకసారి చూడండీ" అంది మొగుడితో.

"కొత్త పైపు ఎక్కడైనా కారుతుందా? సెలవునాడు చూద్దాంలే."

వారం చివర, తెల్లారి షిఫ్టు దిగి వచ్చిన మొగుడికి కారు కింద రెండు కాళ్ళు కనిపించాయి. పట్టుకుని బయటికి లాగాడు. ముసలాయన చేతిలో, పిడికి ఎర్ర టేపు చుట్టిన పానా ఉంది.

"దొరికావా? వదులు చేసేదీ నువ్వే, బాగుచేస్తానని వచ్చేదీ నువ్వేనా?"

"పైపు నట్టు మర వంకరగా ఎక్కింది బాబూ. ఇప్పుడే చేతికి తగిలింది. విప్పి మళ్ళీ బిగిస్తాను. పది నిమిషాలు."

"పది నిమిషాల్లో పోలీసులొస్తారు. నడువు."

పానా లాక్కున్నాడు. ముసలాయన గోడ పట్టుకుని వీధి దిగిపోయాడు.

మొగుడు ఎందుకైనా మంచిదని పెడలు ఒకసారి తొక్కి చూశాడు. గట్టిగానే తగిలింది. తొక్కిపట్టి ఇరవై లెక్కపెట్టలేదు.

ఆ పూటే వీధి సగం దిగాక ఆమె కాలు నేల దాకా జారిపోయింది.

"ఏమైందే అమ్మాయ్?"

"మాట్లాడకండి అత్తయ్యా."

టపటపా తొక్కింది. గేరు తగ్గించింది. చేతిబ్రేకు కొద్దికొద్దిగా లాగింది. పెద్ద రోడ్డుకు బారెడు దూరంలో కారు ఆగింది. ముందునుంచి ఒక లారీ వెళ్ళిపోయింది.

మర్నాడు కారును లాగించుకుని షెడ్డుకు వెళ్ళింది. ఎర్ర టేపు పానా షెడ్డు యజమాని ముందు పెట్టింది.

"ఈ పానా గలాయనే మా బ్రేకు పాడుచేశాడు."

అతను ఆ టేపును బొటనవేలితో నిమిరాడు.

"నలభై ఏళ్ళు ఇక్కడే పనిచేశాడమ్మా. మీ పైపు వేసింది ఈయనే. ఆ సాయంత్రమే, 'చూపు తగ్గిపోతోంది, నా చేతిని నేనే నమ్మలేకపోతున్నా' అని మానేశాడు. ఎవరూ పొమ్మనలేదు."

ఆమె అక్కడున్న బల్ల మీద కూర్చుంది.

"ఆఖరి నెలలో తను చెయ్యి పెట్టిన పదకొండు కార్ల అడ్రసులు పట్టుకెళ్ళాడు. వాళ్ళనే రమ్మని ఫోను చేస్తానంటే వినలేదు. 'తప్పు నాదైతే నడక కూడా నాదే' అన్నాడు. చాదస్తం అనుకున్నాను. పది కార్లు బాగానే ఉన్నాయి. మీదే పదకొండోది. మీతో చెప్పలేదా?"

"తల దించుకున్నాడు" అంది ఆమె. పానా చేతిలోకి తీసుకుని, "ఇల్లెక్కడో చెప్పండి. వెళ్ళి కనబడతాను" అంది.

"వెళ్ళండి. కానీ ముందు మాట్లాడండమ్మా, గొంతును బట్టి పోల్చుకుంటాడు. నిన్నటి నుంచి ఏమీ కనబడడం లేదట. చూపు ఎక్కువ రోజులు ఉండదని డాక్టరు ముందే చెప్పాడు. మిగిలిన ఆ వారం చూపూ మీ కారు కిందే ఖర్చుపెట్టుకున్నాడు."

అంతే కథ. దీన్ని మరిచిపోకు. నువ్వు ఇంకెవరికైనా చెప్పేటప్పుడు, ఆ ఇరవై లెక్కపెట్టే సంగతి కూడా కలిపి చెప్పు.