రెండో ముక్క

"గీ జనాలకు చెప్పుడెందుకయ్యా? గొర్లు వాళ్లు. ఒకటి బెదిరితే అన్నీ ఉరుకుతయి. నోరు మూసుకొని కూసోండ్రి, అంతే."

మూసిన తలుపుల వెనక ఒక పెద్ద ఆఫీసర్ తన కింది వాళ్లతో అన్న మాట ఇది. మధ్యాహ్నానికల్లా నారాయణఖేడ్‌లో ప్రతి ఫోనులోనూ మోగింది. బస్ డిపో ముందు ఆటోవాళ్లు స్పీకర్ పెట్టి వింటుంటే, దారిన పోయేవాళ్లు ఆగి మరీ తిట్టిపోయారు.

బయటపెట్టింది విలేకరి దశరథ్. లోపలి మనిషి ఎవరో దొంగచాటుగా రికార్డు చేసి అతనికి పంపాడు. అసలు రికార్డింగు చాలాసేపు ఉంది. దశరథ్ గొర్రెల ముక్క ఒక్కటే కత్తిరించి వాట్సాప్ గ్రూపులో పడేశాడు. అతని పద్ధతే అంత. అంతా ఒకేసారి వేస్తే ఒక్కరోజు వార్త. ముక్కలు చేస్తే వారం వార్త. ముందు జనానికి కోపం రావాలి, విషయం తర్వాత.

కోపం బాగానే వచ్చింది. దుకాణాలు మూతపడ్డాయి. కల్హేర్ నుంచి జనం ట్రాక్టర్లలో దిగారు. ఎవరో ఒక గొర్రెను తోలుకొచ్చి ఆఫీసు గేటుకు కట్టేస్తే, దానితో ఫొటోలు దిగడానికి ఊరంతా ఎగబడింది.

ఆఫీసర్‌కు మండింది. ఇకమీదట విలేకరులెవరూ గేటు దాటకూడదన్నాడు. గ్రూపుల్లో వార్తలు పెడితే కేసులేనన్నాడు. దశరథ్ దగ్గరున్న ప్రెస్ కార్డును గుంజుకున్నాడు. కార్డు లేని విలేకరికి ఊళ్లో చాయ్ కూడా ఎవరూ పోయరు. ఆ సంగతి దశరథ్‌కు బాగా తెలుసు.

మర్నాడే గేటు ఎదురుగా టెంటు వేసి నిరాహార దీక్షకు కూర్చున్నాడు.

"సారొచ్చి మాఫీ అడగాలె. ప్రెస్ మీద బంద్ ఎత్తేయాలె. నా కార్డు నాకియ్యాలె. అప్పటిదాక మెతుకు ముట్ట!"

కూర్చునే ముందు అన్నీ చక్కబెట్టుకున్నాడు. ఇంటి మీద పోలీసులు పడతారని భార్యను, కూతురు నర్మదను బీదర్‌లో అత్తగారింటికి పంపాడు. తను తాగడానికి సీలు బాటిళ్ల పెట్టె తెప్పించాడు. "చెంబు నీళ్లు తాగితే అండ్ల గ్లూకోజు కలిపిండంటరు. సీలుంటే ఎవని నోరూ లేవదు," అన్నాడు. ఆ నిజాయితీకి జనం మురిసిపోయారు.

అతనికి తోడుగా మాణిక్యప్ప కూర్చున్నాడు. బోరంచలో గొర్రెలు కాసుకునే ముసలాయన. అందరికంటే ఎక్కువ నొచ్చుకున్నది ఆయనే.

"నన్నంటే పడుదును బిడ్డా. నా గొర్లేం జేసినయి ఆయనకు?"

మాణిక్యప్పకు సీలు పట్టింపులు లేవు. టెంటు పక్కన చాయ్ బండి నడిపే అఖ్తరున్నీసా మున్సిపాలిటీ నల్లా దగ్గర చెంబు నింపి ఇస్తే అదే తాగేవాడు. రెండో రోజు తాగుతూ తాగుతూ ఆగాడు.

"దశరథూ, నాకొకటి సమజైతలేదు. మనకు చెప్పొద్దన్నడు గద. ఏంది చెప్పొద్దన్నడు?"

ఊరంతా కలిసి అడగని ప్రశ్న అది. దశరథ్ ఇటూ అటూ చూసి గొంతు తగ్గించాడు.

"అది రెండో ముక్కల ఉన్నది పెద్దయ్యా. ఇప్పుడేస్తే జనం దాని మీద పడ్తరు. మన దీక్షను ఎవడూ దేకడు. గెల్సినంక వేస్త."

"అప్పటిదాక ఆగొచ్చంటవా?"

"ఏం గాదు. వార్త యాడికి పోతది?"

మాణిక్యప్ప తలూపాడు. చదువుకున్నోడు చెప్పాడు కదా. కాసేపటికి పొట్ట పట్టుకుని ముడుచుకున్నాడు. "కడుపుల ఒకటే తిప్పుతుంది బిడ్డా."

"ఉపాసం గద పెద్దయ్యా. గట్లనే ఉంటది," అన్నాడు దశరథ్.

మూడో రోజు అఖ్తరున్నీసా ఆలస్యంగా వచ్చింది. కళ్లు ఉబ్బి ఉన్నాయి. "నా బిడ్డ యుస్రాకు ఆగకుంట వాంతులు భయ్యా. ఎండ దెబ్బనేమో. చెల్లెకు అప్పజెప్పి వచ్చిన."

"జల్దీ దవాఖానకు తీస్కపొమ్మను," అని దశరథ్ ఫోనులోకి తల దించేసుకున్నాడు. ఫోనులో అతని ఫొటో జిల్లా దాటి పోతోంది. అభిమానులు పెరుగుతున్నారు.

ఆ సాయంత్రం ఆఫీసర్ దిగొచ్చాడు. జనం ముందు చేతులు జోడించాడు. నిషేధం ఎత్తేస్తున్నానన్నాడు. కార్డు తిరిగి దశరథ్ జేబులో పెట్టాడు. డప్పులు మోగాయి. ఈలలతో గేటు దద్దరిల్లింది.

ఇక దీక్ష విరమించాలంటే నిమ్మరసం కావాలి. అఖ్తరున్నీసా అప్పటికే బిందెడు నల్లా నీళ్లలో నిమ్మకాయలు పిండి, చక్కెర కలిపి ఉంచింది. ఆమె ఇచ్చిన గ్లాసును ఆఫీసర్ దశరథ్‌కు అందించాడు. అందిస్తూ గ్లాసు వైపు చూడకుండా మొహం పక్కకు తిప్పుకున్నాడు. సిగ్గుతో చచ్చిపోతున్నాడని జనం కేకలు పెట్టారు.

దశరథ్ గ్లాసు తీసుకుని ఒక్క క్షణం అందులోకి చూశాడు. ఫోన్లన్నీ అతని మీదికి లేచాయి. అతను మాణిక్యప్ప వైపు తిరిగాడు.

"ముందుగాల పెద్దయ్య తాగాలె. ఈ గెలుపు ఆయనది."

చప్పట్లు మిన్నంటాయి. ఎంత మనసు, ఎంత మనసు అని అఖ్తరున్నీసా కొంగుతో కళ్లొత్తుకుంది. మాణిక్యప్ప రెండు చేతులతో గ్లాసు పట్టుకుని గటగటా తాగేశాడు. "సల్లగుండు బిడ్డా," అన్నాడు. బిందెలో మిగిలింది జనం తలా ఇంత పంచుకున్నారు. యుస్రాకని అఖ్తరున్నీసా ఒక గ్లాసు పక్కకు తీసి పెట్టింది. దశరథ్ మాత్రం నవ్వుతూ తన బాటిల్ సీలు విప్పుకున్నాడు.

డప్పులు దూరమయ్యాక, ముసలాయనకు ఇచ్చిన మాట ప్రకారం అతను రెండో ముక్క గ్రూపులో వేశాడు, అందులో ఆఫీసర్ తన వాళ్లతో అంటున్నాడు: "నల్లా నీళ్లల్ల విషం తేలింది, పైపులు మార్చేదాక మీరైతే సీలు బాటిళ్లే తాగుండ్రి, మీ పిల్లల్ని ఊర్లకు పంపుండ్రి."