క్రేన్ దిగిన పిల్ల

"దిగకపోతే నేరుగా జైలుకే. ఎల్లుండి నర్సు పరీక్ష అక్కడే రాసుకో" అని మేనేజరు మైకులో అరిచాడు.

"దిగను" అంది పిల్ల పైనుంచి.

రేవులో బొగ్గు దించే క్రేన్ అది. పిల్ల తెల్లవారుజామున ఎక్కింది. కొన దగ్గర ఇనుప పలక మీద కూర్చుని, నడుముకి గొలుసు చుట్టి, కమ్మీకి తాళం వేసుకుంది. మనిషి పైన ఉండగా క్రేన్ కదపకూడదు. కింద బొగ్గు ఓడ నోరు తెరుచుకుని ఉంది. అది సరుకు దించకుండా వచ్చిన దారినే పోవాలని పిల్ల పంతం.

పోలీసులు సగం దాకా ఎక్కి, కిందికి చూసి దిగిపోయారు. ఇక లాభం లేదని మేనేజరు జీపు పంపి పిల్ల అమ్మమ్మను పిలిపించాడు. ఫైరింజను తొట్టిలో, ఫైర్‌మన్ చొక్కా పట్టుకుని, కళ్ళు గట్టిగా మూసుకుని ముసలావిడ పైకొచ్చింది.

"నువ్వూ వాళ్ళ మనిషివే అయ్యావా అమ్మమ్మా?"

"నోరు ముయ్యి. కోతిలాగా ఈ ఎక్కడం ఏమిటే? అర్జీ పెట్టుకోవచ్చుగా."

"పెట్టీ పెట్టీ చేతులు పడిపోయాయి. ఈ బొగ్గు పొడికి కడిగిన గిన్నె బోర్లించకుండా ఒక్క పూట ఉంచగలవా నువ్వు? తాతయ్య దగ్గితే దిండు నల్లబడలేదూ?"

అమ్మమ్మ మనవరాలి చెయ్యి పట్టుకుని చూసింది. ఒళ్ళు కాలిపోతోంది. పెదవులు ఎండి పగిలాయి.

"నువ్వు జైలుకి పోతే ఈ చుట్టుపక్కల ఊపిరాడని వాళ్ళకి సూది ఎవరు వేస్తారే? దిగితే కేసు పెట్టనని ఇన్‌స్పెక్టరు మాటిచ్చాడు. దిగు."

"నేను దిగితే వాళ్ళు గెలిచినట్టే."

"నా మీద ఒట్టు. తాళం తియ్యి."

పిల్ల ముక్కు ఎగబీల్చి తాళం తీసింది.

"తొట్టిలో ఇద్దరికే చోటు" అన్నాడు ఫైర్‌మన్.

"ముందు దాన్ని దింపు నాయనా. నేనిక్కడ కూర్చుంటాలే. మళ్ళీ రా."

పిల్ల నేల మీద కాలు పెట్టగానే క్రేన్ డ్రైవరు చప్పట్లు కొట్టాడు. "ఏం కోతిపిల్లా, కిక్కు దిగిందా?"

పిల్ల తలెత్తలేదు. ఇచ్చిన మాట ప్రకారం కేసు లేదని ఇన్‌స్పెక్టరు అందరి ముందూ చెప్పి, మంచినీళ్ళ సీసా చేతికిచ్చాడు. మేనేజరు అప్పటికే ఫోనులో ఉన్నాడు. "అయిపోయింది సార్. ఇదిగో, మొదలుపెట్టేస్తున్నాం" అని నవ్వుతున్నాడు. ఆ నవ్వు చూస్తుంటే పిల్లకి కోపం ముంచుకొచ్చింది. అమ్మమ్మ మీద అంతకన్నా ఎక్కువ మండింది.

తొట్టి మళ్ళీ పైకి పోయింది. చాలాసేపు అక్కడే ఆగింది. చివరికి ఫైర్‌మన్ ఒక్కడే దిగాడు.

"ఆవిడేదయ్యా?" అన్నాడు మేనేజరు.

"గొలుసు చుట్టుకుని తాళం వేసేసుకుంది సార్."

"తాళంచెవి లాక్కోలేకపోయావా?"

"జాకెట్లో దోపుకుంది. నేనెలా తియ్యను సార్?"

మేనేజరు పైకి చూశాడు. ముసలావిడ కళ్ళు తెరిచే ఉంది. కాళ్ళు గాలిలో ఊపుతోంది.

"ముసలి ప్రాణం. ఎంతసేపు ఉంటుందిలే. రేపటికి తనే దిగుతుంది."

ఫైర్‌మన్ బుర్ర గోక్కున్నాడు. "దిగుతుంది సార్. మీతో ఆ మాటే చెప్పమంది. రేపు ఆవిడ తోడికోడలి వంతట. ఎల్లుండి వియ్యపురాలిదట."