మూడు శుభాల ఉపవాసం

రేపల్లెలో కదిలిన రైలును పరుగెత్తి పట్టుకున్నాడు ప్రభుదాస్. చంకలో శుభలేఖల సంచి, చెవి దగ్గర ఫోను.

"బాపట్ల అన్నయ్యకి చేతికిచ్చి పిలవాలండీ. లేకపోతే పెళ్ళికి రాడు," అవతల భార్య వరమ్మ.

"ముందు జంపని, ఆ తర్వాత తెనాలి, అట్నుంచి బాపట్ల. సరేనా?"

"టిఫిన్ తిన్నారా?"

"ఆఁ ఆఁ," అని ఫోను పెట్టేశాడు.

తినలేదు. కూతురు షారోన్ పెళ్ళి, కొత్త ఇంటి ప్రతిష్ఠ, మనవడి బాప్తిస్మం, మూడూ ఒకే నెలలో వచ్చిపడ్డాయి. ఇన్ని శుభాలిచ్చిన దేవుడికి కృతజ్ఞతగా ఒక రోజంతా ఉపవాసం ఉంటానని ప్రార్థన కూడికలో నలుగురి ముందూ అనేశాడు. షుగరు మనిషికి ఉపవాసమేంటని వరమ్మ గోల పెడితే, సరే తింటాలే అని ఆమెకీ మాటిచ్చాడు.

పొద్దున్నే వేసుకునే ఇన్సులిన్ సూది మాత్రం మానలేదు. మందు మానొద్దని డాక్టరు చెప్పాడాయె. మందు వేసుకుని తినకపోతే ఏమవుతుందో ఆలోచించే తీరిక ఆయనకెక్కడిది?

భట్టిప్రోలు దాటేసరికి చేతులు వణికాయి. చొక్కా చెమటతో తడిసిపోయింది.

ఎదురు సీట్లో బురఖా వేసుకున్న పెద్దావిడ తేరిపార చూసింది.

"ఏంటి తమ్ముడూ, షుగరా?"

"ఏం లేదమ్మా. ఎండ."

"పొద్దున్నే ఎండేంటి? సూదా, మాత్రా?"

"సూది."

"ఏమన్నా తిన్నావా?"

"ఉపవాసం."

ఆమె నుదురు కొట్టుకుంది.

"జబ్బు మనిషికి మా రంజాన్ రోజా ఉపవాసాలే వద్దన్నారు. మీ పాస్టరు గారినన్నా అడిగావా?"

అడగలేదు. ఈవిడెవరు నాకు చెప్పడానికని ఒళ్ళు మండింది ప్రభుదాస్‌కి. ఏదో అనబోతే నాలుక మడతపడింది. కళ్ళు బైర్లు కమ్మాయి.

ఆమె లేచొచ్చి పక్కన కూర్చుంది. సంచిలోంచి స్టీలు డబ్బా తీసింది. అందులో నాలుగు ఇడ్లీలు, ఓ మూల బెల్లం ముక్క.

ఆయన తల తిప్పుకున్నాడు.

"ఆ శుభలేఖలు చూస్తే పెళ్ళికూతురి తండ్రిలా ఉన్నావు. పెళ్ళి చూడొద్దూ? నోరు తెరు."

బెల్లం నోట్లో పెట్టింది. అది కరిగాక ఒక్కో ఇడ్లీ తుంచి పెట్టింది. నాలుగూ తిన్నాడు.

వేమూరు వచ్చేసరికి చూపు కుదురుకుంది. చూపుతో పాటే కోపమూ వచ్చింది.

"నీ మూలాన ఉపవాసం చెడిందమ్మా."

"చెడితే చెడింది. నువ్వున్నావుగా."

"షుగరని ఎలా తెలిసింది నీకు?"

"మా ఇంట్లో ఉందిలే."

"డబ్బా అంతా నాకే పెట్టావు. మరి నీకో?" మాటవరసకు అడిగాడు.

"తెనాలెంత, ఇంకాసేపట్లో వచ్చేస్తది. మా అబ్బాయి వలి కుట్టుమిషన్ కొట్టు స్టేషన్ పక్కనే. ఇంటికెళ్ళి తింటా. రేపల్లెలో మా అమ్మాయి హుమేరా కూతురికి పేరు పెట్టి వస్తన్నాలే. నాకూ నాల్రోజుల్నించీ ఉరుకులే."

జంపని వచ్చింది. ఫోను మోగింది. ఆయన సంచీ సర్దుకుని లేచాడు.

"పెళ్ళికి నన్ను పిలవవా తమ్ముడూ?" అని నవ్విందామె.

ఎవరినని పిలుస్తాం? వినపడనట్టే దిగిపోయాడు.

ఆ సాయంత్రం కూడికలో నిలబడి, ఉపవాసంలో దేవుడు తనకెంత బలమిచ్చాడో సాక్ష్యం చెప్పాడు. అందరూ స్తోత్రమన్నారు. వరమ్మ ఒక్కతే అనలేదు.

ఇంటికి రాగానే నిలదీసింది.

"నిజం చెప్పండి. సూది వేసుకుని, ఏం తినకుండా బాపట్ల దాకా తిరిగొచ్చారా?"

చెప్పక తప్పలేదు. అంతా విని ఆమె మండిపడింది.

"బతికించిన మనిషి ఊసెత్తకుండా సాక్ష్యమొకటా? దేవుడు పంపిందే ఆమెని కదండీ! రేపు పొద్దున్నే టిఫిన్ తిని, వెళ్ళి పిలిచి రండి."

ప్రభుదాస్‌కి తల కొట్టేసినట్టయింది. మర్నాడు వరమ్మ ఎదుట కూర్చుని తిని, మొదటి రైలెక్కాడు. దారి పొడవునా ఒకటే మాట కూడబలుక్కున్నాడు: అక్కా, తప్పయిపోయింది, మీరు ముందు వరసలో కూర్చోవాలి.

తెనాలి స్టేషన్ పక్కన వలి కొట్టు తేలిగ్గానే దొరికింది. మూసి ఉంది. ముందు కుర్చీల్లో నలుగురు టోపీలు పెట్టుకుని మౌనంగా కూర్చున్నారు.

"వలి అంటే..."

"నేనేనండి." ఓ కుర్రాడు లేచాడు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"అమ్మగారు లేరా బాబూ? పెళ్ళికి పిలుద్దామని వచ్చాను."

"నిన్న సాయంత్రమే అమ్మకి మట్టి ఇచ్చొచ్చామండి."

ప్రభుదాస్ దగ్గరున్న కుర్చీని పట్టుకున్నాడు.

"రేపల్లె నించి వస్తందండి. తెనాలి ఇంకా రాకముందే రైలు చాలాసేపు ఆగిపోయిందంట. పెద్దావిడ కునుకు తీస్తందనుకున్నారంట పక్కనోళ్ళు. ఆసుపత్రికి తెచ్చేసరికే అయిపోయిందండి."

ప్రభుదాస్‌కి ఆ కుర్రాడి కళ్ళలోకి చూసే ధైర్యం చాలలేదు.

"షుగరు పడిపోయి పోయిందన్నారండి డాక్టరు గారు," అన్నాడు వలి. "మీరు పెద్దోరు, మీరే చెప్పండి. ఏళ్ళ తరబడి సూది మీదున్న మనిషి, సూది వేసుకున్నాక ఒక్క పూటన్నా తిండి తప్పేది కాదు. అక్క కట్టిచ్చిన డబ్బా కూడా ఖాళీగానే ఉంది, మరి తిన్న మనిషికి షుగరెలా పడిపోద్దండి?"