రెండు కాగితాలు

చాక్లెట్ తిన్న కుక్కను పట్టుకొచ్చిన వాళ్ళను నేను మూడే ప్రశ్నలు అడుగుతాను: బరువెంత, ఎంత తింది, ఎప్పుడు తింది.

"నాలుగు కిలోలు డాక్టర్ గారూ. ఇందాక వీడి పక్క దులుపుతుంటే రెండు డార్క్ చాక్లెట్ కాగితాలు దొరికాయి," అంది పెద్దావిడ, తమ కుక్క బుడ్డోడిని బల్ల మీద దించుతూ.

"రెండా?" ఆవిడ భర్త ఉలిక్కిపడ్డాడు.

"రెండే! మనవరాలి కోసం దాచినవి. మా ఇద్దరికీ షుగరు. తీపి ముట్టకూడదని ఒట్టేసుకుని ఆర్నెల్లయింది. ఇంకెవరు తింటారు?"

బుడ్డోడు హుషారుగా నా వేలు నాకుతున్నాడు. అయినా అంత చాక్లెట్ ఇంత చిన్న ప్రాణానికి విషమే.

"వాంతి చేయించాలి. తర్వాత రెండు రోజులు సెలైన్," అంటూ సిరంజిలోకి మందు ఎక్కించాను.

సూది చూడగానే పెద్దాయన నా చెయ్యి పట్టుకున్నాడు. "ఆగండి బాబూ! నేనే తిని, కాగితం వీడి పక్కలో దాచాను."

పెద్దావిడ ఆయన్ని ఉతికి ఆరేసింది. వయసు, ఒట్టు, సిగ్గు, ఏదీ వదల్లేదు. నోరులేని జీవి మీదికి నెట్టేస్తారా అని కళ్ళు కూడా తుడుచుకుంది.

ఆవిడ ఆగాక అడిగాను. "రెండూ మీరే తిన్నారా?"

"మా బుడ్డోడి మీద ఒట్టు. ఒక్కటే."

"అయితే రెండోది వీడే," అని మళ్ళీ సూది ఎత్తాను.

పెద్దావిడ చటుక్కున బుడ్డోడిని చంకనేసుకుంది.

"వద్దులెండి డాక్టర్ గారూ," అంది, భర్త వైపు చూడకుండా. "వీడికి చాక్లెట్ రుచే తెలీదు."